ముందు వైస్ సరిచేయండి.. జాబ్ సంగతి తర్వాత

వర్క్‌షాపులో ‘జాబ్’ అంటే ఉద్యోగం కాదు. మిషన్ మీద బిగించి కోసే ఇనుప ముక్క. ‘జాబ్ కట్టావా?’, ‘జాబ్ లేచింది చూడు’, ‘జాబ్ పోయింది’ అని రోజంతా వినిపిస్తుంటుంది. మీరు వెతుకుతున్న మొదటి రకం జాబ్ దొరకాలంటే ఈ రెండో రకం జాబ్‌ను కదలకుండా, లేవకుండా, వంకర పోకుండా పట్టుకోవడం రావాలి. దాన్ని పట్టుకునే పరికరం వైస్. మెకానికల్ డిప్లొమా, బీటెక్, ఐటీఐ మెషినిస్ట్ చదివిన పిల్లల బయోడేటాల్లో నాలుగైదు సాఫ్ట్‌వేర్ల పేర్లు కనిపిస్తున్నాయి. ‘మిల్లింగ్ వైస్ సెట్ చేయడం వచ్చు’ అన్న ముక్క మాత్రం నాకు ఇప్పటిదాకా ఒక్కదాంట్లోనూ కనిపించలేదు. ఈ వ్యాసం దాని గురించే.

నాది నారాయణఖేడ్ దగ్గర ఓ పల్లె. పని పటాన్‌చెరు వైపు ఓ టూల్‌రూమ్‌లో. కొన్నేళ్లుగా అప్రెంటిస్‌లకు, కొత్త ఆపరేటర్లకు ట్రేడ్ టెస్ట్ పెట్టే పని నా మీద పడింది. పరీక్ష పెద్దదేం కాదు. చేతిలో ఇమిడే మైల్డ్ స్టీల్ దిమ్మె ఇస్తాను. ఆరు ముఖాలూ చతురంగా కోసి, పైన 60 మిల్లీమీటర్ల పొడవున ఒక గాడి కొట్టాలి. గాడి అంచు దిమ్మె అంచుకు 0.02 మిల్లీమీటర్ల లోపు సమాంతరంగా ఉండాలి. మేం ‘ఎం వన్ టీఆర్’ అని పిలుచుకునే నిలువు మిల్లింగ్ మిషన్, డ్రాయింగ్, రెండున్నర గంటల టైం. ఇందులో నేను పెట్టే తిరకాసు ఒకటే. వైస్‌ను కావాలనే కొంచెం వంకరగా బిగించి వదిలేస్తాను. వంద మిల్లీమీటర్ల దవడకు 0.08 తేడా ఉండేలా. కంటికి అస్సలు తెలియదు. దాదాపు ఒక తలవెంట్రుక మందం.

ఎక్కువమంది వచ్చీరాగానే దిమ్మె పెట్టి హ్యాండిల్ తిప్పేస్తారు. తమాషా ఏంటంటే ఆరు ముఖాలూ బాగానే వస్తాయి. కట్టర్ పైనుంచి కోస్తుంది కాబట్టి వైస్ పక్కకు తిరిగి ఉన్నా ఆ ముఖాల మీద దాని ప్రభావం పడదు. అక్కడిదాకా కుర్రాడి ముఖం వెలిగిపోతుంటుంది. గాడి కొట్టాకే అసలు సంగతి బయటపడుతుంది. టేబుల్ తన దారిన తిన్నగా వెళ్తుంది, దిమ్మె మాత్రం వంకరగా కూర్చుని ఉంటుంది. వంద మిల్లీమీటర్లకు 0.08 అంటే అరవైకి దాదాపు 0.05. ఇచ్చిన హద్దుకు రెండింతలకు పైనే. డయల్ పెట్టి చూపిస్తే వచ్చే మొదటి మాట.. ‘మిషన్ పాతది సార్’.

రెండేళ్ల కింద ఒక అమ్మాయి వచ్చింది. డిప్లొమా. ఊరు అడిగితే నారాయణఖేడ్ అవతల తండా అంది. దిమ్మె అందుకోలేదు. ముందు టేబుల్‌ను బట్టతో తుడిచి, ఆ తర్వాత ఉత్త అరచేత్తో మళ్లీ తుడిచింది. డయల్ అడిగి తీసుకుని దవడ మీద నడిపించింది. ఒక్క నిమిషం ఆగి, ‘‘సార్, వైస్ వంకరున్నది. సరిచేసుకోవచ్చా?’’ అంది.

ఆ ప్రశ్నకే సగం మార్కులు వేసేశాను. వైస్ సరిచేయడానికి ఆమెకు ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. చివరికి టైం చాలక ఒక ముఖం మిగిలిపోయింది. అదే రోజు పని మొత్తం పూర్తిచేసి, గాడి వంకరగా కొట్టిన కుర్రాడు కూడా ఉన్నాడు. మేం తీసుకున్నది ఆమెను. ఆ కుర్రాడు నా దగ్గరికొచ్చి ‘నేను పూర్తిచేశాను కదా సార్’ అన్నాడు. అతని బాధ న్యాయమైనదే. అతనికి మూడేళ్లలో ఎవరూ ఈ సంగతి చెప్పలేదు. అతని కాలేజీలో మిల్లింగ్ మిషన్ ఉంది, వైస్ ఉంది, ల్యాబ్ రికార్డులో బొమ్మ కూడా ఉంది. దాన్ని ముట్టుకోనివ్వలేదంతే.

మొదటి సాలు

మన వైపు వ్యవసాయం చూసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. గొర్రు పట్టినప్పుడు మొదటి సాలు తిన్నగా పడితే తక్కినవన్నీ దాన్ని చూసుకుని నడుస్తాయి. అది వంకర పోతే చేనంతా వంకరే, తర్వాత గుంటక తోలేటప్పుడు మొక్కలు లేచిపోతాయి. మిల్లింగ్ మిషన్ మీద ఆ మొదటి సాలు వైస్‌కు ఉండే కదలని దవడ. షాపులో ఫిక్స్‌డ్ జా అంటాం. కొలతలన్నీ దాన్నే నమ్ముకుని ఉంటాయి. కదిలే దవడ పని నెట్టడం మాత్రమే.

సెట్ చేసే పద్ధతి ఒకసారి చూద్దాం. పుస్తకంలో నాలుగు లైన్లలో ఉంటుంది, చేతికి రావడానికి నాలుగు వారాలు పడుతుంది.

తల పక్కకు వంగే రకం మిషన్ అయితే ముందు తల చూడండి, వైస్ కాదు. స్పిండిల్‌కు డయల్ తగిలించి, చేత్తో చుట్టూ తిప్పుతూ టేబుల్ మీద ఎడమన, కుడిన, ముందు, వెనక ఒకే అంకె వస్తోందా చూడాలి. తల వాలి ఉంటే కోసిన ముఖం పల్లెంలా గుంట పడుతుంది, లేదా పక్కపక్క కట్ల మధ్య మెట్లు పడతాయి. మీరు వైస్‌ను ఎంత సరిచేసినా లాభం లేదు.

తర్వాత శుభ్రం. దీన్ని చాలామంది చిన్నపనిగా చూస్తారు. టేబుల్ మీద, వైస్ అడుగున ఎక్కడో ఒక ఇనుప రజను ఇరుక్కుంటే వైస్ ఒక మూల లేస్తుంది. బోల్టులు బిగించేకొద్దీ దాని ఒళ్లు వంగుతుంది. బట్టతో తుడిస్తే పెద్దవి పోతాయి. సన్నవి అరచేతికే తెలుస్తాయి, అదీ మిషన్ ఆగి ఉన్నప్పుడే. ఎక్కడైనా గరుకు తగిలితే నూనె రాయిని పడుకోబెట్టి రెండుసార్లు తేలిగ్గా రుద్దండి. ఆకురాయి మాత్రం పట్టకండి. టేబుల్ మీద ఆకురాయి పెట్టిన కుర్రాణ్ని నేనైతే ఇంటికి పంపేస్తాను.

వైస్ పెట్టాక టీ-బోల్టుల్లో ఒకదాన్ని ఓ మోస్తరుగా బిగించి, రెండోదాన్ని వదులుగా ఉంచండి. డయల్‌ను స్పిండిల్‌కో తలకో బిగించి, దాని మొన కదలని దవడ ముఖాన్ని తాకేలా పెట్టండి. మేం పప్పీ డయల్ అంటాం, లీవర్ రకం. ఇక్కడ కొత్తవాళ్లు మరిచిపోయే సంగతి ఒకటుంది. టేబుల్ ముందుకూ వెనక్కూ జరిగే అడ్డ స్లైడును లాక్ చేయాలి. లేకపోతే దాని వదులంతా డయల్ మీద కనిపిస్తుంది. మీరు లేని వంకరను సరిచేస్తూ కూర్చుంటారు.

బిగించిన బోల్టు వైపు డయల్‌ను సున్నాకు తెచ్చి, టేబుల్‌ను రెండో కొసకు నడపండి. ముల్లు ఎంత కదిలిందో చూసి, నైలాన్ సుత్తితో కానీ రాగి సుత్తితో కానీ వైస్‌ను నెమ్మదిగా తట్టుతూ ముల్లును సున్నా వైపు తీసుకురండి. మళ్లీ మొదటి కొసకు రండి. అక్కడి సున్నా కాస్త చెదిరి ఉంటుంది, కంగారు పడొద్దు. వైస్ సరిగ్గా బోల్టు చుట్టూనే తిరగదు. మూడు నాలుగు రాకపోకల్లో దారికొస్తుంది. రెండు బోల్టులూ వదులుగా ఉంటే మాత్రం తేడాలో సగమే సరిచేయాలి, ఎందుకంటే ఒక కొస ఇటు వస్తే రెండోది అటు పోతుంది. వంద మిల్లీమీటర్ల మీద ముల్లు ఒక గీత, అంటే 0.01 లోపల ఆడితే ఆ వైస్ సెట్ అయినట్టే.

అయిపోలేదు. అప్పుడు బోల్టులను ఒకటి మార్చి ఒకటి కొంచెం కొంచెంగా పూర్తిగా బిగించి, డయల్ మళ్లీ నడపాలి. బిగింపే వైస్‌ను తిప్పేస్తుంది. ఈ పాఠం నాకు డబ్బు ఖర్చుతో వచ్చింది. అంటే నా డబ్బు కాదు, నాకు పని నేర్పిన షాపు డబ్బు. అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు డై ప్లేట్‌కు నాలుగు రంధ్రాలు వేయమన్నారు. వైస్ డయల్ చేశాను, బిగించాను, రంధ్రాలు వేశాను. రెండో సగం డైతో కలిపి చూస్తే పిన్నులు దిగలేదు. ఫోర్‌మన్ తిట్టలేదు. ప్లేట్‌ను నా బల్ల మీద పెట్టి, ‘‘బిగించినంక మల్ల చూసినవా తమ్మీ?’’ అని అడిగి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

లేచే దవడ

వైస్ తిన్నగా ఉన్నా ఇంకో దొంగ లోపల ఉంటాడు. కదిలే దవడ. దాన్ని నెట్టే స్క్రూ కింద ఉంటుంది. జాబ్ ఎదురు తోసేది పైన. కింద ఒక తోపు, పైన దానికి ఎదురు తోపు అయ్యేసరికి దవడ ముందు భాగం పైకి లేస్తుంది. దాంతోపాటు జాబ్ ఆ వైపు లేస్తుంది. మీరు పైముఖం నున్నగా కోసి, విప్పి కొలిస్తే ఒక అంచు మందం, ఒక అంచు పలచన. చవక వైస్‌లలో ఇది మరీ ఎక్కువ. దవడ జారే దారిలో వదులు ఎంతుంటే లేవడం అంత.

పట్టుకోవడానికి డయల్ కూడా అక్కర్లేదు. జాబ్ కింద పెట్టే పారలల్స్ నాలుగు కొసల మీదా సన్న కాగితం ముక్కలు నాలుగు పెట్టండి. వైస్ బిగించాక ఒక్కో ముక్కనూ లాగి చూడండి. నాలుగూ గట్టిగా పట్టుబడి ఉండాలి. కదిలే దవడ వైపువి రెండూ సులువుగా వచ్చేస్తే జాబ్ లేచినట్టే. అప్పుడు మెత్తటి సుత్తితో పైనుంచి ఒక నిండు దెబ్బ వేయాలి. టకటకమని పది దెబ్బలు వేస్తే ఎగిరి మళ్లీ లేస్తుంది. దెబ్బ వేశాక హ్యాండిల్‌ను ఇంకో చుట్టు బిగించాలని చెయ్యి దురద పెడుతుంది, బిగించకండి. బిగిస్తే మళ్లీ లేస్తుంది. దవడను నెట్టేటప్పుడే కిందికి లాగే ఏటవాలు ఏర్పాటు ఉన్న వైస్‌లూ ఉన్నాయి, యాంగిల్ లాక్ రకం అంటారు. ఖరీదు ఎక్కువ. వాటిల్లో ఈ బాధ చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా పోదు.

దిమ్మె చతురం చేసేటప్పుడు గుండ్రటి కడ్డీ వాడేది ఇందుకే. రంపంతో కోసిన దిమ్మెకు రెండు ముఖాలు ఎప్పుడూ సమాంతరంగా ఉండవు. ముందు ఒక ముఖం కోయండి. ఆ కోసిన ముఖాన్ని కదలని దవడకు ఆనించి, కదిలే దవడకూ దిమ్మెకూ మధ్య ఒక గుండ్రటి కడ్డీని అడ్డంగా పెట్టి బిగించండి. కడ్డీ ఒక గీత మీదే తోస్తుంది కాబట్టి దిమ్మె వెనక వైపు ఎంత వంకర ఉన్నా, కోసిన ముఖం కదలని దవడకు అతుక్కుపోతుంది. ఇప్పుడు రెండో ముఖం కోస్తే అది మొదటిదానికి లంబంగా వస్తుంది. మొదటి ముఖాన్ని అలాగే కదలని దవడకు ఉంచి, రెండోదాన్ని పారలల్స్ మీద కిందికి తిప్పి మూడోది. మొదటి ముఖాన్ని కిందికి దించి నాలుగోది. కొసలు రెండింటికీ మూలమట్టం పెట్టి నిలబెట్టుకోవాలి. ఈ వరుస నోటికి కాదు, చేతికి రావాలి. ఇంటర్వ్యూలో ‘ఈ దిమ్మె చతురం ఎలా చేస్తావు?’ అని అడిగితే, కడ్డీ మాట వచ్చిందా లేదా అని చూస్తాం.

మూలన పడున్న వైస్

ఇప్పుడు అసలు నేను చెప్పదలచుకున్న మాట. ఆ తండా అమ్మాయిని సాయంత్రం అడిగాను, ఎక్కడ నేర్చుకున్నావని. ‘‘మా కాలేజీల నాలుగు ఇంచుల వైస్ ఒకటి మూలకు పడున్నది సార్. ఎవ్వలూ వాడరు. నలుగురం కలిసి విప్పినం’’ అంది. సంచిలోంచి ఒక నోట్‌బుక్ తీసింది. అందులో తేదీలు, డయల్ అంకెలు. విప్పకముందు దవడ ఎంత లేస్తోంది, సరిచేశాక ఎంత లేస్తోంది. అక్షరాలు కోడిగీతలే, కానీ అంత విలువైన బయోడేటా నేను చూడలేదు.

మీ కాలేజీలోనూ అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. తుప్పు పట్టి, హ్యాండిల్ పోయి, దవడల మీద కట్టర్ తగిలిన గాట్లతో. ల్యాబ్ ఇన్‌చార్జి సార్‌ను అడగండి. ‘నడుస్తున్న మిషన్ ముట్టుకోం సార్, పాడైన వైస్ బాగుచేస్తాం’ అంటే కాదనేవాళ్లు తక్కువ. కాదంటే మళ్లీ అడగండి. నారాయణఖేడ్‌లోనో జహీరాబాద్‌లోనో లేత్ షెడ్డు నడిపే మేస్త్రీ తెలిసి ఉంటే ఆయన దగ్గర సెలవుల్లో కూర్చోండి. చాయ్ తెచ్చిపెట్టాల్సి రావచ్చు, దానికేం.

విప్పేటప్పుడు ఏ ముక్క ఎటు వైపుదో గుర్తు పెట్టుకోండి, ఫొటోలు తీసుకోండి. అన్నీ కిరోసిన్‌లో కడగండి. కొత్త చవక వైస్ విప్పినా లోపల పోతపోసినప్పటి ఇసుక కనిపిస్తుంది, అది జారే దారులను అరగదీస్తూ ఉంటుంది. దవడ పలకలు విప్పి వెనక చూడండి. అక్కడ రజను చేరి పలక వంకరగా కూర్చోవడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. చాలా వైస్‌లకు ‘పాడైంది’ అన్న పేరు రావడానికి ఇదే కారణం, పావుగంట పని. అన్ని అంచుల మీదా లేచిన ముళ్లను నూనె రాయితో తీసేయండి.

కదిలే దవడ అడుగున దాన్ని పైకి లేవకుండా పట్టి ఉంచే పట్టీలు రెండు ఉంటాయి. వాటికీ వైస్ ఒంటికీ మధ్య ఎంత సందుందో ఫీలర్ గేజ్‌తో కొలవండి. లేచే రోగానికి మూలం ఆ సందే. పట్టీ కూర్చునే చోట మందం తగ్గించడమో, అరిగిన పట్టీ మార్చడమో చేస్తే సందు తగ్గుతుంది. గ్రైండింగ్ మిషన్ పని వస్తే మీరు చేయకండి, తెలిసినవాళ్లతో చేయించండి. ఎక్కడ ఆనుతోంది, ఎక్కడ ఆనడం లేదు అని తెలుసుకోవడానికి నీలి రంగు పలచగా రాసి జరిపి చూడాలి. రంగు అంటిన చోటే లోహం తీయాలి, అదీ కొంచెం కొంచెంగా. దవడ తేలిగ్గా జారాలి, అటూ ఇటూ ఊగకూడదు. ఈ రెండింటి మధ్య చోటు చాలా ఇరుకు. అక్కడికి చేరడానికి మీకు ఒక ఆదివారం సరిపోదు, మూడు పట్టొచ్చు.

అడుగున తిరిగే పళ్లెం ఉంటే, కోణాల పని లేనప్పుడు తీసేయండి. ఎత్తు తగ్గుతుంది, పట్టు పెరుగుతుంది. చిన్న మిషన్ మీద ఎత్తుకు చాలా విలువ. వైస్ అడుగున గాడి ఉంటే అందులో టేబుల్ టీ-స్లాట్‌కు సరిపోయే చీలలు రెండు చేసి బిగించండి. తర్వాతెప్పుడైనా వైస్ తీసి పెట్టినా దాదాపు తిన్నగానే కూర్చుంటుంది. ముఖ్యమైన పనికి డయల్ ఎలాగూ తప్పదనుకోండి.

ఇక నాకు ఇష్టమైనది, మెత్తటి దవడలు. గట్టి ఉక్కు పలకల స్థానంలో అల్యూమినియం పలకలు బిగించి, వాటిని వైస్‌లో ఉంచే మిల్లింగ్ చేసి, జాబ్ కూర్చునేలా చిన్న మెట్టు కోస్తారు. ఆ మెట్టును అదే మిషన్ కోసింది కాబట్టి మిషన్ నడకకు అది పుట్టుకతోనే తిన్నగా ఉంటుంది. కోసేటప్పుడు దవడల మధ్య కింద ఒక చిన్న ముక్క పెట్టి, జాబ్‌ను ఎంత బిగిస్తారో అంతే బిగించి కోయాలి. ఖాళీ దవడలను కోస్తే జాబ్ పెట్టి బిగించగానే లెక్క మారిపోతుంది. పక్కన ఒక ఇనుప పట్టీని ఎల్ ఆకారంలో వంచి ఆనుడుగా బిగిస్తే ఒకే రకం ముక్కలు యాభై చేయాల్సి వచ్చినప్పుడు ప్రతిసారీ కొలవక్కర్లేదు. ఆనించు, బిగించు, కోయి.

చేయకూడనివి రెండు చెబుతాను. హ్యాండిల్‌కు పైపు తొడిగి బిగించొద్దు, వైస్ ఒళ్లు పోత ఇనుము, వంగదు, పగులుతుంది. మిషన్ వేసే ముందు హ్యాండిల్ తీసి పక్కన పెట్టండి. తిరిగే కట్టర్ దగ్గర గ్లవ్స్ వద్దు, కళ్లజోడు మాత్రం తప్పనిసరి.

‘సీఎన్‌సీ కాలంలో ఇదెందుకు సార్?’

ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. మన రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. సీఎన్‌సీలు, రోబోలు వస్తున్నాయి. రావాలి కూడా. కానీ వీఎంసీ తలుపు తెరిచి చూడండి, లోపల టేబుల్ మీద బిగించి ఉన్నది ఏమిటి? చాలా షాపుల్లో వైసే. ప్రోగ్రామ్‌కు వైస్ వంకర తెలియదు. చెప్పిన దారిలో కోసుకుంటూ పోతుంది. పాత మిల్లింగ్ మీద తప్పు చేస్తే ఒక ముక్క పోతుంది, వీఎంసీ మీద చేస్తే బుట్ట నిండుతుంది. ప్రోబ్ ఉన్న ఖరీదైన మిషన్లు వంకరను కొలిచి దారిని తిప్పుకోగలవు, నిజమే. లేచిన జాబ్‌ను మాత్రం ఏ ప్రోబూ కిందికి నొక్కదు.

అందుకే నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఫీజు కట్టి ఇంకో డిజైన్ సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరే ముందు, ఖర్చు లేని ఈ పని నేర్చుకోండి. సాఫ్ట్‌వేర్ వద్దని కాదు. గీసిన గీతను ఇనుము మీద ఎలా పట్టుకుంటారో తెలిసినవాడి డ్రాయింగ్ వేరుగా ఉంటుంది. వైస్‌లో పట్టుకోవడానికి చోటే లేని పార్టులు గీసి పంపే ఇంజినీర్లతో మేం వారానికోసారైనా తలపట్టుకుంటాం.

జీతం మాటా దాచను. టూల్‌రూమ్‌లో మొదటి ఒకటి రెండేళ్లు చేతికొచ్చేది తక్కువ. నగరంలో గది అద్దె, తిండి పోను ఇంటికి పంపేంత మిగలదు. చెరకు కొట్టడానికి వలసపోయిన ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఆ రెండేళ్లు ఎంత బరువో నాకు తెలుసు. డెలివరీ బండి ఎక్కితే అంతకన్నా ఎక్కువే వస్తుంది. ఆ దారి పట్టినవాళ్లను నేను తప్పుపట్టను. అయితే ఐదేళ్ల తర్వాత ఎవరి చేతిలో ఏముంటుందో కూడా లెక్క వేసుకోండి. డయల్ పట్టడం వచ్చిన మనిషిని మా పక్క షాపువాళ్లు నాలుగు వేలు ఎక్కువిచ్చి లాక్కుపోతే మేం ఏడుస్తూ కూర్చున్న రోజులున్నాయి.

నారాయణఖేడ్ నుంచి చూస్తే చోట్లు మరీ దూరం కావు. జహీరాబాద్‌లో 2013లో మొదలైన మహీంద్రా ట్రాక్టర్ల ప్లాంటు, దానికి విడిభాగాలు ఇచ్చే యూనిట్లు ఉన్నాయి. ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, రామచంద్రపురంలో బీహెచ్‌ఈఎల్, పాశమైలారం, పటాన్‌చెరు, ఇంకా ముందుకెళ్తే బాలానగర్ గల్లీల్లో చిన్న చిన్న షాపులు. 1956 దాకా మన తాలూకా బీదర్ జిల్లాలోదే కాబట్టి అటు చుట్టరికాలూ ఉంటాయి, అక్కడి షాపులనూ అడిగి చూడండి. పదో తరగతి తర్వాతే ఈ పనిలోకి రావాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో ఉంటే బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ గురించి చెప్పండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1968 నుంచి నడుస్తోంది. టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమాకు ప్రవేశ పరీక్ష ఉంటుంది. పెద్ద ఫ్యాక్టరీల అప్రెంటిస్ ఖాళీలకు పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్ ఇవ్వాల్సిందే, ‘ముందు ఆర్నెల్లు ఊరికే చెయ్యి’ అనేవాళ్ల దగ్గర ఆగి ఆలోచించండి.

టెస్టుకు వచ్చే రోజు ఒక పాత నూలు బట్ట, అరచేతిలో పట్టే నూనె రాయి, నాలుగు సన్న కాగితం ముక్కలు జేబులో వేసుకోండి. మూడూ కలిపి వంద రూపాయల లోపే. మీరు బాగుచేసిన వైస్ తాలూకు నోట్‌బుక్ ఉంటే సర్టిఫికెట్ల ఫైలుకు పైన పెట్టండి, కింద కాదు. ఇంకో సంగతి, నేను వైస్‌ను వంకరగా వదిలేస్తానని ఈ పేపర్లో రాసేశాను కాబట్టి వచ్చే బ్యాచ్‌కు దాన్ని తిన్నగా పెట్టి, పారలల్స్‌లో ఒకదాన్ని మార్చేద్దామని చూస్తున్నాను.